మరణాల రేటా, మరణాల శాతమా?

సందేహం: "బిహార్ కంటే కేరళలో మరణాల శాతం ఎక్కువ" అని ఒకచోట చదివాను. ఇంకోచోట అదే సంగతికి "మరణాల రేటు" అని ఉంది. రెండూ ఒకటేనా? "గుండెజబ్బుతో చనిపోయాడు", "గుండెజబ్బు వల్ల చనిపోయాడు" – వీటిలో ఏది సరైనది?

సమాధానం: ఒకటి కాదండీ. శాతం అంటే నూటికి ఇంత అని. జనాభా లెక్కలవాళ్లు మరణాలను వెయ్యికి ఇన్ని అని కడతారు. 2020 ఎస్‌ఆర్‌ఎస్ (జనన మరణాల మీద కేంద్రం చేయించే నమూనా సర్వే) లెక్కల్లో కేరళకు 7.0, బిహార్‌కు 5.4 అని ఉన్నది వెయ్యి మందికి ఏడాదిలో జరిగిన మరణాలు. ఆ ఏడు పక్కన 'శాతం' తగిలించారనుకోండి, సుమారు మూడున్నర కోట్ల మందున్న కేరళలో ఒక్క ఏడాదిలో పాతిక లక్షల మంది పోయినట్టు! అసలు లెక్క రెండున్నర లక్షల దగ్గర. కాబట్టి 'రేటు' అనండి, వెయ్యికో లక్షకో కూడా పక్కనే చెప్పండి. శిశు మరణాలు వెయ్యి సజీవ జననాలకు, ప్రసూతి మరణాలైతే లక్షకు లెక్కిస్తారు మరి. రేటు ఇంగ్లిషు మాట కదా అంటారేమో, బియ్యం రేటు, వడ్డీ రేటు అని పొద్దున లేస్తే అంటూనే ఉన్నాం, ఇంకా పరాయిదేమిటి?

శాతానికీ చోటుంది. చనిపోయిన వందమందిలో గుండెజబ్బు వాళ్లెందరు అన్నప్పుడు అదే సరైన మాట. కాకపోతే అంటురోగాల చావులు తగ్గితే చాలు, గుండెజబ్బుతో కొత్తగా ఒక్కరూ పోకపోయినా దాని శాతం పెరిగిపోతుంది. దాన్ని చూసి "గుండెజబ్బు మరణాలు పెరిగాయి" అని శీర్షిక పెట్టేస్తుంటారు, పెరిగింది వాటా మాత్రమే.

ఇంతకీ కేరళ వెనకబడిందనుకునేరు! 2021 అంచనాల్లో అరవై దాటినవాళ్లు అక్కడ 16.5 శాతం, బిహార్‌లో 7.7 శాతం. పెద్దవాళ్లు ఎక్కువున్న చోట చావులూ ఎక్కువే ఉంటాయి. అదే 2020లో శిశు మరణాల రేటు కేరళలో 6, బిహార్‌లో 27. వయసు తేడాలు సర్దకుండా కట్టిన మొదటి లెక్కను, అంటే ఆ 7.0, 5.4లను, కొందరు 'స్థూల', కొందరు 'ముడి' మరణాల రేటు అంటారు. నా ఓటు 'ముడి'కే. ముడిబియ్యం అన్నట్టు, ఇంకా పాలిష్ పట్టలేదని వినగానే తెలుస్తుంది. 'స్థూల' అంటే స్థూల జాతీయోత్పత్తి గుర్తొచ్చి, ఏదో మొత్తం కాబోలు అనిపిస్తుంది.

ఇక రెండో ప్రశ్న. వ్యాకరణం ప్రకారం రెండూ ఒప్పే, అర్థంలోనే చిన్న మెలిక ఉంది. 'వల్ల' కారణాన్ని వేలుపెట్టి చూపిస్తుంది. 'తో' కారణాన్నీ చెబుతుంది, తోడుగా ఉన్నదాన్నీ చెబుతుంది. కరోనా రోజుల్లో ఇదే పెద్ద తకరారు: "కరోనాతో చనిపోయాడు" అంటే కరోనా చంపిందనా, కరోనా ఉండగా వేరే జబ్బు చంపిందనా? ఆ ఒక్క 'తో' రెండు గంపల్లోనూ పడుతుంది. ఊళ్లో ఈ గొడవే లేదు, "పాము కరిచి పోయాడు" అంటారు. కరిచింది పాము, పోయింది మనిషి, కర్తలు వేరైనా 'కరిచి' కారణాన్ని చెప్పేస్తోంది. అయితే "గుండె ఆగి పోయాడు" అంటే మాత్రం ఏమీ చెప్పినట్టు కాదు, పోయినవాళ్లందరికీ గుండె ఆగుతుంది. డాక్టర్లు మరణ కారణం రాసే పత్రంలోనూ దాన్ని కారణంగా రాయకూడదు, అది ఆగడానికి దారితీసిన జబ్బు పేరు రాయాలి.

డాక్టరు తేల్చి చెప్పి ఉంటే 'వల్ల' రాయండి, లేదంటే 'తో' చాలు.