మాల వేసుకున్న మూడోరోజు నాన్నకి ఏమైంది?

వ్యసనాలు, మానసిక ఆరోగ్యంపై పాఠకుల ప్రశ్నలకు సైకియాట్రిస్ట్ జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మా నాన్నకి 51 ఏళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డర్. ఒకప్పుడు ఆదివారాలు మాత్రమే తాగేవాడు. 2021లో కరోనాతో మా బాబాయి పోయాక రోజూ తాగుతున్నాడు. ఇప్పుడు పొద్దున లేవగానే క్వార్టర్ పడితే గానీ చేతులు కుదురుగా ఉండవు. పోయిన కార్తీకంలో తనంతట తనే అయ్యప్ప మాల వేసుకున్నాడు. అమ్మ సంతోషం ఇంతా అంతా కాదు. రెండోరోజుకే ఒళ్లంతా చెమటలు, వణుకు, ఆ రాత్రి ఫిట్స్. మూడోరోజు రాత్రి మంచం మీద కూర్చుని, ఎడమచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని, కుడిచేత్తో గాలిలో వెల్డింగ్ చేస్తున్నాడు. ‘ఆ ప్లేటు కొంచెం జరుపరా’ అని పోయిన బాబాయిని పిలుస్తున్నాడు. నియమం తప్పాడని ఒకరు, గాలి సోకిందని ఒకరు అన్నారు. చివరికి మావయ్య మాల తీయించి మందు పట్టించాడు. రెండు రోజులకు కుదుటపడ్డాడు.

ఇప్పుడు మావయ్య ఒక సెంటర్ సంగతి చెబుతున్నాడు. ఫోన్ చేస్తే వాళ్లే బండి పంపి పట్టుకెళ్తారట. మూడు నెలలు చూడనివ్వరు, ఫోన్ ఉండదు. అమ్మేమో ప్రకటన చూసి ఏదో పొడి తెప్పించి, నాన్నకి తెలియకుండా చారులో కలుపుతోంది. ఆసుపత్రికి తీసుకెళ్దామని నేనంటే, ‘పిచ్చాసుపత్రికి తీసుకెళ్లామని తెలిస్తే నీకు సంబంధాలొస్తాయా?’ అంటున్నారు. నాన్న తాగినప్పుడల్లా ‘నేను పోతే మీకే హాయి’ అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక కూతురు, విజయవాడ

జవాబు: అమ్మా, నువ్వు రాసినవాటిలో రెండు విషయాలకు ఆగే టైము లేదు. ముందు అవి చెబుతాను.

మొదటిది ఆ పొడి. ఈ పూట నుంచే ఆపించు. అందులో ఏముందో ప్యాకెట్ మీద రాయరు. తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటి నిజంగానే ఉంది. అది పనిచేసే తీరు వింటే నీకే అర్థమవుతుంది. ఆ మాత్ర వేసుకుని తాగితే, మందులోని ఆల్కహాల్ పూర్తిగా అరగకుండా మధ్యలోనే ఆగిపోయి, లోపల విషంలా పేరుకుంటుంది. మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. గుండె జబ్బో లివర్ జబ్బో ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. అందుకే మేం దాన్ని రోగికి అన్నీ చెప్పి, ఒప్పుకున్నాకే ఇస్తాం. చారులో కలిపినదాంట్లో ఇలాంటిది ఉంటే, సాయంత్రం మీ నాన్నగారు తాగి వచ్చినప్పుడు ఆయనకేం జరుగుతోందో ఆయనకీ తెలియదు, ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరుకీ తెలియదు. ప్యాకెట్ పారెయ్యకు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వెంట పట్టుకెళ్లు. అమ్మని మాత్రం కోప్పడకు. చేతికి అందిన ప్రతిదాన్నీ పట్టుకునే స్థితిలో ఉంది ఆమె.

రెండోది, ‘నేను పోతే మీకే హాయి’ అన్న మాట. తాగినవాడి మాటలే అని కొట్టిపారెయ్యకండి. మత్తులో లేనప్పుడు పక్కన కూర్చుని సూటిగా అడుగు: ‘నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. అవునంటే ఆయన్ని ఒక్కణ్నే వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో మాత్రలు, ఎలుకల మందు లాంటివి ఉంటే తీసేయండి. రాత్రిపూట ఏం తోచకపోతే 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్ నంబరు. 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

ఇప్పుడు ఆ మూడోరోజు రాత్రి సంగతి.

నేను పీజీ చదివే రోజుల్లో ఒక నేతపనివాణ్ని వార్డుకి తెచ్చారు. ఊళ్లో ఎవరిదో చావు, మూడు రోజులు మందు దొరకలేదు. మంచం అంచున కూర్చుని, కాళ్ల కింద తొక్కుడు చెక్కలున్నట్టు ఒక కాలి తర్వాత ఒక కాలు ఆడిస్తూ, లేని నాడెను ఈ చేతి నుంచి ఆ చేతికి విసురుతున్నాడు. మధ్యలో ఆగి, తెగిన పోగును రెండు వేళ్ల మధ్య మెలిపెట్టి అతికాడు. మళ్లీ నేత. భార్య పక్కనే నిలబడి, ‘అంచు బాగానే వస్తోందయ్యా, ఇంక పడుకో’ అంటోంది. ఆయన వినలేదు, ఒళ్లు కాలిపోతోంది. ఆరో రోజు పొద్దున లేచి టీ అడిగాడు. మగ్గం సంగతేమీ ఆయనకు గుర్తులేదు.

మీ నాన్నగారి వెల్డింగ్ కూడా ఇదే, తల్లీ. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటాం. గాలీ కాదు, స్వామి ఆగ్రహమూ కాదు. రోజూ తాగేవాళ్ల మెదడుని ఆల్కహాల్ అణిచిపెట్టి ఉంచుతుంది. ఆ బరువుని తట్టుకుని పనిచెయ్యడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. ఏళ్ల తరబడి కాడి మోసిన ఎద్దు మెడ మీంచి ఒక్కసారిగా కాడి తీసేస్తే ఎలా దూకుతుందో, మందు ఆగిన మెదడు అలా దూకుతుంది. చివరిసారి తాగిన ఆరేడు గంటలకు వణుకు మొదలవుతుంది. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం రెండు నుంచి నాలుగు రోజుల మధ్య. వైద్యం అందకపోతే ఈ దశలో మనిషి చనిపోవచ్చు.

కాబట్టి ఆసుపత్రిలో చేరేదాకా ఆయన్ని బలవంతంగా మాన్పించకండి. డాక్టరునై ఉండి ఈ మాట రాయడం నాకూ కష్టంగానే ఉంది. అయినా రోజూ తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వెయ్యడం కంటే ఇదే క్షేమం. ఇంకొకటి. ఇలాంటి మనిషి నీరసంగా ఉన్నాడని ఊళ్లో గ్లూకోజ్ బాటిల్ ఎక్కించేస్తుంటారు. తాగేవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చైపోయి మెదడు దెబ్బతినవచ్చు. థయామిన్ ఇచ్చారా అని మీరే అడగండి. అడిగారని డాక్టర్లు తప్పు పట్టరు.

మాల గురించి ఒక మాట. దాన్ని తేలిగ్గా చూసే డాక్టర్లలో నేను లేను. ఎవరూ చెప్పకుండా మీ నాన్నగారు మెడలో మాల వేసుకున్నారంటే, మానాలన్న కోరిక ఆయనలో గట్టిగా ఉంది. లోపించింది వైద్యం. రోజూ తాగేవాళ్లు దీక్ష తీసుకోవాలనుకుంటే, రెండు వారాల ముందే సైకియాట్రిస్టుని కలిసి, ఒళ్లు కుదుటపడ్డాక మాల వేసుకోవాలి. దీక్షలో ఉండగా మాత్రలు వేసుకోవచ్చా అని ఆయనకు సందేహం వస్తే గురుస్వామిని అడగమను. బీపీకి, షుగర్‌కి మాత్రలు వేసుకుంటూ కొండకి వెళ్లే స్వాములు ఎంతమంది లేరు!

ఆసుపత్రిలో ఏం చేస్తారో తెలిస్తే మీ టెన్షన్ కొంత తగ్గుతుంది. మొదటి వారం, పది రోజులు ఒంటికి వైద్యం. వణుకు, ఫిట్స్ రాకుండా లోరాజెపామ్ లాంటి మాత్రలు మొదలుపెట్టి రోజురోజుకీ తగ్గిస్తారు. బీ1 ఇంజెక్షన్లు, లివర్ పరీక్షలు, వేళకు తిండి, నిద్ర. ఆయనకు ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయి కాబట్టి ఇది ఇంట్లో ఉంచి చేసే వైద్యం కాదు, వార్డులోనే జరగాలి. ఫిట్స్ సంగతి ఓపీలో అడగకముందే చెప్పు. ఆ తర్వాతే అసలు పని మొదలు. తాగాలన్న యావ తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి. లివర్, కిడ్నీలు చూసి ఏది ఇవ్వాలో నిర్ణయిస్తారు. తమ్ముడు పోయిన దిగులు కూడా ఉంది కదా. తాగుడు దానంతటదే దిగులు పుట్టిస్తుంది కాబట్టి, మానిన రెండు మూడు వారాలకు మళ్లీ చూస్తారు. అప్పటికీ దిగులు వీడకపోతే అది డిప్రెషన్. దానికి వేరే వైద్యం చెయ్యాలి. తాగుడుకి మాత్రమే మందిచ్చి దిగులును వదిలేస్తే మళ్లీ బాటిల్ దగ్గరికే వెళ్తాడు.

ఇక బండి పంపే సెంటర్. ఇష్టం లేని మనిషిని నలుగురు పట్టుకుని బండి ఎక్కించడం వైద్యం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. మద్యం, మత్తుమందులతో వచ్చే మానసిక స్థితులు కూడా దాని కిందికే వస్తాయి. తన వైద్యం గురించి తాను నిర్ణయించుకోగల మనిషిని ఆయన సమ్మతి లేకుండా చేర్చుకోకూడదు. ఆ స్థితిలో లేకపోతే, ఆయన ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వాళ్లలో ఒకరు సైకియాట్రిస్ట్ అయ్యుండాలి. అదీ 30 రోజులకు మించకూడదు. ఆపైన ఉంచాలంటే మళ్లీ పరీక్షలు, సమీక్షా బోర్డు అనుమతి కావాలి. మొదటిరోజే మూడు నెలలకు లెక్కకట్టి డబ్బు కట్టించుకోవడం ఈ చట్టంలో ఎక్కడా లేదు. గొలుసులతో కట్టడం, బలవంతంగా గుండు గీయడం నిషేధం. వచ్చినవాళ్లను కలిసే హక్కు, ఫోన్లో మాట్లాడే హక్కు రోగికి ఉన్నాయి.

అలాంటి చోట నుంచి బయటపడ్డ ఒకాయన నా ఓపీకి వచ్చాడు. గుండు మీద అప్పుడే జుట్టు మొలుస్తోంది. నేను బీపీ చూద్దామని చెయ్యి చాపితే రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు. ఎన్నాళ్లుగానో తాగలేదు, నిజమే. కానీ తనని బండి ఎక్కించిన బావమరిదితో ఆ తర్వాత మాట్లాడలేదు. భార్య వడ్డిస్తే అన్నం తినలేదు. మీ మావయ్యకి ఈ సంగతి చదివి వినిపించు. ఆయన చెడ్డవాడు కాదు, విసిగిపోయాడు. ప్రైవేటులోనే చేర్పిద్దామంటే, రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి, సైకియాట్రిస్ట్ రోజూ వస్తారా అని అడగండి, లోపలి గదులు చూస్తామనండి. చూపించకపోతే వెనక్కి వచ్చేయండి.

పిచ్చాసుపత్రి అన్న మాటకి ఏం చెప్పను! హైదరాబాద్‌లో ఎర్రగడ్డ పేరునీ, మన వైపు విశాఖ ఆసుపత్రి పేరునీ తిట్టుగా వాడి వాడి, అక్కడికి వెళ్తే బాగుపడే మనుషుల్ని మనమే దూరం చేశాం. మీరు అంతదూరం వెళ్లనక్కర్లేదు. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది, అక్కడే ఓపీ చీటీ రాయించుకోండి. నీ సంబంధం సంగతంటావా, పెళ్లిచూపుల రోజున నాన్న వార్డులో ఉండటం మేలా, వీధి అరుగు మీద పడి ఉండటం మేలా అని అమ్మనే అడుగు.

నాన్నతో ఎప్పుడు మాట్లాడాలో కూడా చెబుతాను. పొద్దున ఆ క్వార్టర్ పడ్డాక వణుకు తగ్గి, ఇంకా మత్తెక్కని అరగంట ఒకటుంటుంది. అప్పుడు మాట్లాడు. మానెయ్యమని చెప్పకు, ఒట్టు వేయించుకోకు. ఆ రాత్రి నువ్వేం చూశావో చెప్పు. చెయ్యి మొహానికి ఎలా అడ్డం పెట్టుకున్నాడో, బాబాయిని ఏమని పిలిచాడో చెప్పు. ‘ఈసారి డాక్టర్ల దగ్గర మానుదాం నాన్నా, నేను పక్కనే ఉంటాను’ అను. మొదటిసారే ఒప్పుకోకపోవచ్చు. మళ్లీ ఇంకో పొద్దున అడుగు.

ప్రశ్న: ఎనిమిది నెలలుగా తాగలేదు. మొన్న మా పెద్దనాన్న కొడుకు పెళ్లిలో, మండపం వెనక కార్ల దగ్గర రెండు పెగ్గులు తాగాను. ఇంట్లో ఇంకా తెలియదు. ఇన్నాళ్ల కష్టం పోయినట్టేనా?
– 38 ఏళ్ల పాఠకుడు, గుంటూరు

జవాబు: పోలేదండీ. ఎనిమిది నెలలు కుదురుగా నిద్రపోయిన మెదడు, కోలుకున్న లివర్ రెండు పెగ్గులతో వెనక్కి పోవు. ప్రమాదం ఆ రెండు పెగ్గుల్లో కాదు, ‘ఎలాగూ పోయింది కదా’ అనుకునే మూడో రోజులో ఉంది. మీ భార్యకు ఇవాళే చెప్పండి. ఇంకెవరి నోటి నుంచో వినకూడదు ఆమె. మీరు డైసల్ఫిరామ్ వాడుతూ మధ్యలో ఆపి తాగారేమో డాక్టరుకి దాచకుండా చెప్పండి. పాత మోతాదు ఇప్పుడు మీ ఒంటికి పట్టదు, ఒకప్పటిలా తాగితే ప్రాణానికే ముప్పు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు తెలుగులోనూ జరుగుతాయి. ఫీజు ఉండదు, ఇంటిపేరు అడగరు. వచ్చే పెళ్లికి భోజనాల వేళకు వెళ్లి, తినగానే వచ్చేయండి. కార్ల దగ్గరికి రమ్మని పిలిచేవాళ్లు ఎవరో మీకు ముందే తెలుసు కదా.

ప్రశ్న: మా అత్తగారికి 63 ఏళ్లు, నిజామాబాద్ దగ్గర పల్లెటూరు. రోజూ సాయంత్రం రెండు సీసాల కల్లు తాగుతారు. వచ్చే నెల ఆరు నెలలకు డల్లాస్‌లో మా ఇంటికి వస్తున్నారు. అక్కడ కల్లు ఉండదు కదా, ఇబ్బందేమైనా ఉంటుందా?
– ఒక కోడలు

జవాబు: టికెట్ తీసే ముందు అడిగినందుకు సంతోషం. తీసేసి ఉంటే తేదీ జరపండి. చెట్టు కల్లు అయితే నాకింత ఆదుర్దా ఉండదు. దుకాణాల్లో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలిపిన కేసులు తెలంగాణలో ఎన్నో బయటపడ్డాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, మళ్లీ 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డప్పుడు, ఫిట్స్‌తో, మతి తప్పి మాట్లాడుతూ జనం ఆసుపత్రులకు వచ్చారు. ఎర్రగడ్డ ఓపీ కిక్కిరిసిపోయింది. ఆమెకు తాగుడు అలవాటని ఆమె అనుకోరు, ‘గొంతు తడుపుకుంటున్నా’ అంటారు. నిజానికి ఒళ్లు అలవాటుపడింది నిద్రమాత్రకి కావచ్చు. మాత్ర రకాన్ని బట్టి ఫిట్స్ ఆపిన మరుసటి రోజే రావచ్చు, వారం తర్వాతా రావచ్చు. అప్పటికి ఆమె మీ ఇంట్లో ఉంటారు. మీరు అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే, కల్లు అంటే ఏమిటో అక్కడి డాక్టర్లకు మొదటినుంచీ చెప్పుకోవాలి.

ప్రయాణానికి కనీసం ఆరు వారాల ముందు సైకియాట్రిస్టుకి చూపించండి. కొలిచిన మోతాదులో మాత్ర మొదలుపెట్టి మెల్లగా తగ్గిస్తారు. పూర్తిగా ఆగి, రెండు వారాలు బాగా నిద్రపోయాకే విమానం ఎక్కించండి. ప్రిస్క్రిప్షన్ కాగితం సూట్‌కేసులో కాకుండా ఆమె చేతిసంచిలో పెట్టండి.