రాయలచెరువులో కొర్రమీను పడట్లేదా? ఆ బాస్ చేపల వీడియోలు పక్కన పెట్టండి

తమ్ముడూ, అమెరికా వాళ్లు లార్జ్‌మౌత్ బాస్ అనే చేపను పట్టే వీడియోలు చూసి, ఎండాకాలంలో లోతు నీళ్లలో రబ్బరు పురుగు వేస్తున్నా కొర్రమీను ముట్టట్లేదన్నావు. తప్పు ఎరది కాదు, చోటుది.

అక్కడ ఎండ ముదిరితే బాస్ చాలావరకు చల్లదనం కోసం లోతుకు దిగుతుంది. మన కొర్రమీను అలా కాదు. గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే కాబట్టి ఒడ్డు దగ్గర తామరాకులు, గుర్రపుడెక్క మధ్యే పొంచి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లారేసరికి చెరువు దగ్గరుండు. గాలం వెంటనే వేయకు, కాసేపు నీళ్లనే చూడు. గుబుక్కుమని శబ్దం వచ్చి నీళ్లు కదిలిన చోటికి కాస్త అవతల రబ్బరు కప్పను పడేసి, ఆకుల మీదుగా ఆగి ఆగి లాగు. నీళ్లు చిమ్మగానే రాడ్ ఎత్తేయకు. కప్ప నోట్లోకి పూర్తిగా పోయి, లైన్ బరువెక్కాక గట్టిగా లాగు. చాలామంది తొందరపడి చేపను పోగొట్టుకునేది ఇక్కడే. ఆ నాచులో సన్న నైలాన్ దారం నిలవదు, బ్రెయిడ్ (పోగులు అల్లిన గట్టి దారం) వాడు.

చలికాలంలో మాత్రం పొద్దున్నే పోయి వణకడం దండగ, ఎండెక్కాక పో.

వానల్లో ఎర్రటి పిల్లల గుంపు తేలుతూ కనిపిస్తే అక్కడ గాలం వేయకు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, వాటిని పడితే పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి. ఇంకోటి, మన చెరువుల్లో చాలావాటికి చేపల పాట (వేలం) ఉంటుంది. ముందు పాటదారుణ్ణి అడుగు, లేకపోతే కొర్రమీను సంగతి అటుంచి రాడ్డే పోతుంది!