వించీ కొన్నావు సరే, కప్పీ ఏదీ?

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

పికప్ ముందు బంపర్‌కి నాలుగు టన్నుల వించీ, అదే మోటారుతో కేబుల్ చుట్టి లాగే డ్రమ్ము, బిగించావని, ఉద్దానంలో ముసలి జీడితోట కొట్టుడుకి ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. వించీ పెద్దదైతే పని అయిపోతుందనుకోకు. లాగుడులో ముందు పోయేది వించీ కాదు. కొక్కెమో, క్లిప్పో, వెనకాల కట్టిన చెట్టో పోతుంది. అందుకని వించీ సంగతి కాసేపు పక్కన పెట్టి, మిగతా సామాను చూసుకో.

ముందు బరువు అంచనా కట్టడం నేర్చుకో. దుంగ నడిమి చుట్టుకొలత టేపుతో మీటర్లలో తియ్యి. దాన్ని దాంతోనే గుణించి, పొడవుతో గుణించి, పన్నెండున్నరతో భాగించు. ఘనపు మీటర్లు వస్తాయి. పచ్చి కర్ర ఘనపు మీటరు టన్ను అనుకుంటే పొరపాటు పెద్దగా ఉండదు. రెండు మీటర్ల చుట్టు, రెండున్నర మీటర్ల పొడవున్న మామిడి మొద్దు 800 కిలోలు. తొంభై సెంటీమీటర్ల చుట్టు, మూడు మీటర్ల పొడవున్న సరుగుడు దుంగ 200 కిలోలకి అటూఇటూ. పొడి నేల మీద ఈడిస్తే బరువులో సగం నుంచి ముప్పావు వంతు దాకా లాగుడు పడుతుంది. బురదలో దిగబడితే బరువంతా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. పది మీటర్లకి మూడు మీటర్లు ఎత్తు లేచే మెరక అయితే బరువులో ఇంకో మూడో వంతు దాకా కలుపుకో.

ఇక వించీ మీద రాసిన నాలుగు టన్నుల మాట. డ్రమ్ము మీద కేబుల్ ఒక్క వరసే మిగిలి ఉన్నప్పుడు వచ్చే బలం అది. పైన వరసలు చేరేకొద్దీ తగ్గుతూ, నాలుగో వరసలో మూడింట రెండు వంతులే వస్తుంది. దగ్గర్లో ఉన్న దుంగే మొరాయిస్తోందంటే కారణం ఇదే. బండిని వెనక్కి తీసుకెళ్లి కేబుల్ ఎక్కువ వదిలి లాగు. మొత్తం మాత్రం వదిలెయ్యకు. డ్రమ్ము మీద అయిదు చుట్లయినా ఉండాలి, లేకపోతే కొస బిగింపు ఊడొస్తుంది.

కప్పీ ఉంటే ఈ తిప్పలు సగం పోతాయి. పక్క తెరుచుకునే కప్పీ ఒకటి కొను, చక్రం అడ్డుకొలత కేబుల్ మందానికి పదిహేను రెట్లయినా ఉండాలి. నీ 10 మిల్లీమీటర్ల కేబుల్‌కి 15 సెంటీమీటర్ల చక్రం. కప్పీని దుంగకి తగిలించి, కేబుల్‌ని దాని చుట్టూ తిప్పి, కొస తెచ్చి బండి ఛాసిస్ కొక్కేనికి వేస్తే లాగుడు రెట్టింపు, వేగం సగం. అదే కప్పీని చెట్టుకి కట్టి దారి మళ్లించడానికి వాడితే బలం పెరగదు, పైగా ఆ చెట్టు మీద కేబుల్ లాగుడుకి రెట్టింపు దాకా పడుతుంది. ఇది చాలామంది పట్టించుకోరు. ఆ ఇసక నేలలో కొబ్బరి చెట్టుకి కట్టకు, వేళ్లు పైపైనే ఉంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి అక్కడ ఎన్ని చెట్లు వేళ్లతో లేచిపోయాయో నువ్వూ చూశావు. ముదురు తాటిచెట్టు దొరికితే మంచిది. ఏదైనా మొదట్లోనే, నేలకి జానెడు ఎత్తులో, వెడల్పు బెల్టుతో కట్టు. ఇనుప తాడుతో కడితే బెరడు కోసుకుపోతుంది, తాడూ నలుగుతుంది. సరైన చెట్టే లేకపోతే లాగే దిక్కుకి అడ్డంగా మీటరు లోతు కందకం తవ్వి, మీటరున్నర దుంగ ఒకటి పాతి, దానికి గొలుసు వేసి పైకి తీసుకో. గంటన్నర పని, కానీ కదలదు.

బండి సంగతి కూడా చూసుకో. ఖాళీ పికప్ బరువు టన్నున్నర, కాస్త అటూఇటూ. దుంగ మొండికేస్తే బండే దుంగ దగ్గరికి జారుతుంది. నాలుగు చక్రాలకీ ముందువైపు చెక్క దిమ్మలు పెట్టి, వెనక ఛాసిస్ కొక్కెం నుంచి గొలుసుతో చెట్టుకి కట్టు. బంపర్‌కి కట్టకు. కేబుల్ బండికి నేరుగా ఎదురుగా ఉండాలి. పక్కకి పోతే డ్రమ్ములో ఒక వైపే గుట్టపడి, పై చుట్టు కింద చుట్ల మధ్యకి దిగి ఇరుక్కుంటుంది. ఇంజన్ ఆడుతూ ఉండాలి, నిమిషం లాగితే రెండు మూడు నిమిషాలు ఆపు. మోటారు మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఇంకా ఆగు. బండిని వెనక్కి ఉరికించి ఒక్క కుదుపుతో లాగడం మాత్రం ఎవరు చెప్పినా చెయ్యకు. ఇనుప తాడు సాగదు, ఆ కుదుపుకి ఎన్ని రెట్లు బరువు పడుతుందో లెక్కకి అందదు.

దుంగకి ఉచ్చు లావు కొస నుంచి మూరెడు లోపల వెయ్యి, లావు కొస ముందుగా రావాలి. గునపంతో కింద మట్టి తీసి గొలుసు దూర్చు. ముక్కు అంచుని గొడ్డలితో ఏటవాలుగా చెక్కితే నేలలో గుచ్చుకోదు. నాలుగు దెబ్బల పని, లాగుడు ఎంత తేలికవుతుందో నీకే తెలుస్తుంది. దారిలో కొట్టేసిన చెట్టు మొదలు అడ్డొస్తుందనుకో, ఉచ్చు ముడిని దుంగ మీద పైన కాకుండా ఒక పక్కకి పెట్టు. లాగేటప్పటికి దుంగ దొర్లుకుంటూ అడ్డు తప్పుకుంటుంది. గొలుసు కొనేటప్పుడు గుర్తుంచుకో, ఉచ్చు వేస్తే దాని బలం పావు వంతు దాకా తగ్గుతుంది.

కేబుల్ కొసన కన్ను చెయ్యాలంటే లోపల థింబుల్, అంటే తాడు నలగకుండా ఉండే ఇనుప గాడి, పెట్టి, కొసని వెనక్కి మడిచి మూడు బుల్‌డాగ్ క్లిప్పులు (యూ బోల్టుతో బిగించేవి) వెయ్యి, మధ్య ఆరేసి సెంటీమీటర్లు. యూ బోల్టు వంపు మడిచిన చిన్న కొస మీద, గాడి ఉన్న ముక్క లాగే తాడు మీద. తిరగేసి బిగించిన క్లిప్పు లాగే తాడునే నలిపేస్తుంది. మొదటి లాగుడయ్యాక నట్లు మళ్లీ బిగించు, తప్పకుండా వదులవుతాయి. ఇంత చేసినా అక్కడ తాడు బలం ఎనభై శాతమే. కేబుల్‌లోని ఒక పేట, అంటే తీగల పురి, కేబుల్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేంత పొడవులో ఆరు తీగలు తెగి కనిపించినా, మెలిక పడి విరిగినట్టు వంగినా ఆ కేబుల్ తీసెయ్యి. మెలిక సుత్తితో కొట్టి సరిచేసినా మళ్లీ అక్కడే తెగుతుంది.

తెగితే ఏమవుతుందో చెప్తాను. బిగువు మీదున్న తాడు చటుక్కున వెనక్కి కొట్టుకుంటుంది, కాలికి తగిలితే ఎముక మిగలదు. తడి గోనెసంచిలో కాస్త ఇసక పోసి, కొక్కెం వైపు మూడో వంతు దూరంలో కేబుల్ మీద వేలాడదియ్యి. కేబుల్ పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరంలో మనుషుల్ని పెట్టు. కప్పీ దగ్గర వంగిన తాడు లోపలి కోణంలో ఎవరూ నిలబడకూడదు, కప్పీ ఊడితే తాడు అటే వస్తుంది. బిగువుగా ఉన్న కేబుల్ దాటొద్దు. సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి. లుంగీ, మెడలో తువ్వాలు పనికిరావు. తోలు చేతితొడుగులు వేసుకున్నా, డ్రమ్ముకి మీటరు దూరంలో చెయ్యి ఆపెయ్యి.

ఎక్కించడానికి వించీ అక్కర్లేదు. నాలుగేసి మీటర్ల సరుగుడు వాసాలు రెండు, నేల నుంచి బండి అంచుకి ఆనించి కింద కొసలు జరక్కుండా దిగ్గొట్టు. రెండు నైలాన్ మోకుల కొసలు బండి అవతలి అంచున కట్టి, దుంగ కింద నుంచి తిప్పి పైకి తెచ్చి, బండి మీదుగా అవతలి వైపుకి వెయ్యి. దుంగే తిరిగే కప్పీ అవుతుంది. మీటరు ఎత్తున్న బండికి 600 కిలోల దుంగ ఎక్కించాలన్నా, రాపిడితో కలిపి నూటపాతిక కిలోల లాగుడు చాలు. మోకుకి ఇద్దరు చొప్పున నలుగురు లాగెయ్యగలరు. అంచు కింద ఒక పోటు దిమ్మ పెట్టు. అవతలి వైపు గుంజలు ముందే నిలబెట్టుకో, లేకపోతే దుంగ దొర్లుకుంటూ లాగేవాళ్ల మీదికే పోతుంది. వాసాల మధ్య, దుంగ కిందివైపు ఎవరూ ఉండకూడదు.

గాలివానకి పడిపోయిన చెట్టు కోసేటప్పుడు వేళ్ల గడ్డని ముందు చూడు. మాను తెగగానే ఆ గడ్డ గుంటలోకి తిరిగి కూర్చుంటుంది. వెనక ఎవరూ లేరని చూసుకున్నాకే రంపం పెట్టు.

సాయంత్రం కేబుల్‌ని బిగువు మీదే చుట్టు, ఒక చిన్న దుంగని లాగుతూ చుట్టినా చాలు. మన సముద్రపు గాలికి తుప్పు తొందరగా పడుతుంది. తీగ బ్రష్‌తో తుడిచి పల్చటి గ్రీజు రాయి. ఇంజన్‌లోంచి తీసిన నల్లనూనె పూసే అలవాటు మానుకో, ఇసకంతా అంటుకుని లోపల పేటల్ని అరగదీస్తుంది.

చెట్లు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాల్సి రావచ్చు. తోట యజమాని కనుక్కున్నాడా, తీసుకున్నాడా అని అడుగు. కర్ర రవాణా కాగితం కావాలో అక్కర్లేదో కనుక్కోడానికి అటవీ రేంజి ఆఫీసుకి బండి లోడు కాకముందే వెళ్లు, లోడు చేశాక వెళ్తే పని వాళ్ల చేతుల్లో ఉంటుంది. కప్పీ, రెండు బెల్టులు, నాలుగు షాకిళ్లు (పిన్ను పెట్టి మూసే యూ ఆకారపు ఇనుప లంకెలు) ఈ వారమే కొనెయ్యి. షాకిల్ మీద అది మోయగల బరువు అచ్చేసి లేకపోతే తీసుకోకు.

ఇట్లు
మీ మామ