మొదటి మర్డర్ కేసు పట్టిన మేనకోడలికి

పర్లాకిమిడి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ముద్దాయి తరఫు లాయరుగా నువ్వు పంపిన కాగితాలన్నీ చదివాను. గట్టు దగ్గర మాటా మాటా పెరిగింది. టాంగియా (గొడ్డలి) దెబ్బ తలమీద ఒక్కటే పడింది. దెబ్బ తిన్న మనిషిని ముందు ఇక్కడి ఆస్పత్రికి, అక్కణ్ణించి శ్రీకాకుళం తీసుకెళ్లారు. ఐదోనాడు పోయాడు. మొదట బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 109, అంటే హత్యాయత్నం కింద కట్టిన కేసు చావు కబురుతో 103కి, అంటే హత్యకి మారింది. ముద్దాయి ఇంట్లోవాళ్లేమో మావాడు అక్కడ లేనేలేడంటున్నారు, జైల్లో ఉన్న మనిషేమో వాడే ముందు నన్ను కొట్టాడంటున్నాడు.

ముందు ఈ ముడి విప్పు. రెండు మాటలూ చెప్పుకోవడానికి చట్టం అడ్డు రాదు. కానీ మొదటి సాక్షిని "మా మనిషి ఆ రోజు ఊళ్లోనే లేడు కదా" అని అడిగి, నాలుగో సాక్షిని "ముందు కొట్టింది చనిపోయినవాడే కదా" అని అడిగితే జడ్జి రెండిట్లో ఏదీ నమ్మడు. జైలుకి వెళ్లి, బంధువులెవరూ పక్కన లేకుండా అతనితో మాట్లాడు. అతని ఒంటిమీద గాయాలు ఉన్నాయేమో అడుగు. అరెస్టయిన మనిషిని డాక్టరు పరీక్షించాలని బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 53 చెబుతుంది. ఆ రిపోర్టు తెప్పించు. గొడవలోనే తగిలిన గాయాలై, అవి చిన్నవి కాకపోతే, వాటికి ప్రాసిక్యూషన్ సంజాయిషీ చెప్పుకోవాలి. చెప్పలేకపోతే సాక్షులు గొడవ మొదలు ఎలా జరిగిందో దాచారన్న అనుమానం బలపడుతుంది.

గాయాలుంటే నీ కేసు "ఎవరు చంపారు" అన్నది కాదు, "ఏ సెక్షను" అన్నది. ఈ తేడా ముద్దాయి పక్షంవాళ్లకి విడమర్చి చెప్పు. వాళ్లకి తెలిసినవి విడుదల, యావజ్జీవం రెండే. బీఎన్‌ఎస్ 103 అయితే యావజ్జీవమో ఉరో, మధ్యలో ఇంకేం లేదు. 105 (హత్య కిందికి రాని ప్రాణహరణం) అయితే మొదటి భాగంలో యావజ్జీవం లేదా అయిదు నుంచి పదేళ్లు, రెండో భాగంలో పదేళ్ల లోపు ఎంతైనా. చంపాలనో, చావుకి దారితీసే గాయం చేయాలనో ఉద్దేశం ఉంటే మొదటిది. చావు రావచ్చని తెలిసి కూడా ఆ ఉద్దేశం లేకుండా చేస్తే రెండోది.

ఒక్క దెబ్బ కాబట్టి హత్య కాదనే వాదన మీద ఆధారపడకు. 1958 విర్సా సింగ్ తీర్పు నుంచి లెక్క ఇది: ఆ గాయం చేయాలనే కొట్టాడా, ఆ గాయం మామూలుగా ప్రాణం తీసేదేనా. రెండిటికీ అవునని వస్తే ఒక్క దెబ్బైనా హత్యే. నువ్వు చూడాల్సింది 2006 పులిచెర్ల నాగరాజు తీర్పు. ఆయుధం ఇంటి నుంచి తెచ్చాడా, చేతికందింది పట్టుకున్నాడా, ఎక్కడ కొట్టాడు, ఎంత బలంగా, పాత పగ ఉందా, అప్పటికప్పుడు పుట్టిన గొడవేనా, పడిపోయాక మళ్లీ కొట్టాడా అన్నవన్నీ అందులో వరసగా ఉన్నాయి. ఒక్కోదానికి నీ సాక్షుల వాంగ్మూలాల్లో ఏముందో పక్కన రాసుకో. పొలానికి వెళ్లే ప్రతి మనిషి భుజాన టాంగియా ఉండే ప్రాంతం మనది. "ఆయుధంతో వచ్చాడు" అన్న మాటకి జవాబు సాక్షి నోటే రావాలి, అతను రోజూ టాంగియా తీసుకునే వెళ్తాడని.

హత్యను నిర్వచించే బీఎన్‌ఎస్ 101లోని నాలుగో మినహాయింపు నీకు దగ్గరగా ఉంది: ముందస్తు ఆలోచన లేని హఠాత్తు కొట్లాట, ఆవేశం, అవతలివాడి నిస్సహాయతను వాడుకోకపోవడం, క్రూరంగా ప్రవర్తించకపోవడం. నాలుగూ ఉండాలి, ఉంటే 103 పోయి 105 అవుతుంది. రుజువు భారం మనదే. కానీ ప్రాసిక్యూషనంత బరువుగా నిరూపించక్కర్లేదు, వాళ్ల సాక్షుల మాటల్లోంచే సంభావ్యత చూపిస్తే చాలు.

ఇప్పుడు గాయం. పోస్టుమార్టం శ్రీకాకుళంలో జరిగింది, అప్పటికే తలకి ఆపరేషనైంది. కోసి కుట్టిన గాయాన్ని చూసి రాసిన కొలతల్ని దెబ్బ కొలతలనుకోకు. అసలు గాయం ఎలా ఉందో రాసింది మొదట చూసిన డాక్టరు. ఇక్కడి ఆస్పత్రి గాయాల సర్టిఫికెట్టు, ఓపీ రిజిస్టరు, శ్రీకాకుళం కేస్ షీటు మూడూ కోర్టు ద్వారా తెప్పించు. టాంగియా పదునుతో తగిలితే తెగుతుంది, వెనక మొద్దుతో తగిలితే చితుకుతుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: తలమీద చర్మం ఎముకకి అంటుకుని ఉంటుంది కాబట్టి మొద్దు దెబ్బ కూడా పైకి తెగినట్టే కనిపిస్తుంది. అంచులు నలిగాయా, వెంట్రుకల కుదుళ్లు చితికాయా, గాయం లోపల కణజాలం వంతెనల్లా మిగిలిందా అని డాక్టర్ని అడుగు. మొద్దు వైపు తిప్పి కొట్టాడని తేలితే ఉద్దేశం గురించి సగం వాదన అయిపోయినట్టే.

సరైన వైద్యం అందక చనిపోయాడని వాదించి తప్పించుకోలేవు. బీఎన్‌ఎస్ 100 వివరణే ఆ దారి మూసేసింది. కాకపోతే ఐదు రోజుల ఆలస్యమూ, ఇన్‌ఫెక్షనూ కేస్ షీటులో ఉంటే, ఆ గాయం మామూలుగానే ప్రాణం తీసేంతటిదా అన్న ప్రశ్నకి పనికొస్తాయి.

మరణ వాంగ్మూలం సంగతి మన ఒడిశా-ఆంధ్ర సరిహద్దు కేసుల్లో ప్రత్యేకం. అది శ్రీకాకుళంలో తెలుగులో రాశారు. ఛార్జిషీటుతో నీకిచ్చింది ఒడియా అనువాదం. మూలం తెప్పించుకుని రెండూ పక్కపక్కన పెట్టి చదువు, క్రియాపదం మారితే అర్థమే మారుతుంది. చనిపోయినవాడు ఇంట్లో సవర మాట్లాడేవాడని రాశావు. అయితే సవరలో చెప్పింది తెలుగులోకి మార్చిందెవరు? ఆ మనిషి సాక్షుల జాబితాలో ఉన్నాడా? డాక్టరు సర్టిఫికెట్టు లేదని మాత్రం గోల చేయకు. 2002లోనే అయిదుగురు జడ్జీల ధర్మాసనం అది తప్పనిసరి కాదంది. స్పృహలో ఉన్నాడా లేదా అన్నదే అసలు ప్రశ్న.

చనిపోయినవాడు షెడ్యూల్డ్ తెగకి చెందినవాడు, మన ముద్దాయి కాదు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల చట్టం కలిపారేమో చూడు. కలిపితే దర్యాప్తు డీఎస్పీకి తగ్గని అధికారి చేయాలి, బెయిలుకి బాధితుల పక్షానికి నోటీసు ఇవ్వాలి.

కాగితాల మీద తేదీలు, గంటలు రంగు పెన్నుతో గీసుకో. ఎఫ్‌ఐఆర్ మేజిస్ట్రేటుకి వెంటనే చేరాలి, దాని మీద ఆయన సంతకం కింద ఏ తేదీ, ఏ గంట ఉందో చూడు. పొద్దున్న ఎనిమిదికి రాశామన్న ఎఫ్‌ఐఆర్ మర్నాడు సాయంత్రం చేరితే ఈలోగా పేర్లు కలిపారా అని అడగొచ్చు. సీజర్ లిస్టు (స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా) సాక్షులు ఎవరి చుట్టాలో కనుక్కో. బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి, ఆ వీడియో కాపీ అడుగు.

టాంగియా ముద్దాయి చూపిస్తేనే దొరికిందంటారు. "ఫలానా చోట దాచాను" అన్నంతవరకే సాక్ష్యం, "దాంతోనే కొట్టాను" అన్న ముక్క పనికిరాదు. 1946లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో లండన్‌లోని పై కోర్టు) ఈ గీత గీసింది గుంటూరు నుంచి వెళ్లిన పులుకూరి కొట్టయ్య కేసులోనే. ఆ ముక్క కోర్టు రికార్డులోకి పోకుండా నిలబడి అభ్యంతరం చెప్పాలి, వాదనల రోజున చెబితే ఆలస్యం.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో జూనియర్లు చేసే పెద్ద తప్పు ఒకటుంది. సాక్షి పోలీసులకి చెప్పనిది కోర్టులో చెబితే, "అది పోలీసులకి చెప్పలేదు కదా" అని అడిగి ఊరుకుంటారు. ఆ వాంగ్మూలం రాసిన దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు, ఈ సాక్షి నీతో అలా చెప్పాడా అని అడిగి నిరూపించకపోతే ఆ వైరుధ్యం లేనట్టే. ఒక కాగితం మీద సాక్షి పేరు, వైరుధ్యం, అధికారిని అడిగానా అని మూడు గళ్లు గీసుకో. అలాగే కంటితో చూసినవాళ్లున్న కేసిది, పరిస్థితుల సాక్ష్యం మీద తీర్పులు గుట్టలుగా పెట్టకు.

ముద్దాయికి ఒడియా రాదు. బీఎన్‌ఎస్‌ఎస్ 314 కింద అతనికి తెలియని భాషలో సాక్ష్యం నడిస్తే తెలిసిన భాషలో వినిపించాలి. మొదటి వాయిదాకే మెమో వెయ్యి. 351 కింద జడ్జి ప్రశ్నలడిగేటప్పుడు ఇంకా ముఖ్యం. అన్నిటికీ "అబద్ధం, తెలియదు" అనిపిస్తే ఒంటిమీద గాయాల కథ చెప్పే అవకాశం పోతుంది. అతని మాటల్నే రాతపూర్వకంగా దాఖలు చెయ్యి.

బెయిలు లెక్క: మొదటి రిమాండు రోజే ఒకటో రోజు. జనవరి 1న రిమాండైతే, లీపు సంవత్సరం కాకపోతే, మార్చి 31కి ఛార్జిషీటుకి ఇచ్చిన తొంభై రోజులు నిండుతాయి. అప్పటికీ ఛార్జిషీటు రాకపోతే ఏప్రిల్ 1న కోర్టు తెరవగానే అర్జీ చేతిలో ఉండాలి. మధ్యాహ్నానికి ఛార్జిషీటు పడితే, అప్పటికి అర్జీ వెయ్యకపోతే ఆ హక్కు పోయినట్టే. ఫోరెన్సిక్ రిపోర్టు రాలేదు కాబట్టి ఛార్జిషీటు అసంపూర్తి అన్న వాదన ఆ రోజు నిన్ను కాపాడదు. నీ కేసులో ఛార్జిషీటు పడిపోయింది కాబట్టి ఇది ఇకమీద వచ్చే కేసు కోసం. ఇప్పుడు సెషన్స్ కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 483 కింద బెయిలు అడుగు, కాదంటే కటక్ హైకోర్టు.

పక్షం దగ్గర డబ్బుల్లేవని చివర్లో రాశావు. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయం చూడకుండా ఉచిత న్యాయసాయం వస్తుంది, జిల్లా న్యాయసేవా సంస్థలో అడగమను, ఫోన్ 15100. నీ చేతిలోంచి కేసు పోతుందని చెప్పకుండా ఉండకు.

శ్రీకాకుళం కేస్ షీటు రాగానే నర్సుల నోట్సు పేజీలు కూడా జిరాక్సు తీయించి పంపు. స్పృహ ఎప్పుడుంది, ఎప్పుడు లేదన్నది గంటల వారీగా రాసి ఉండేది అక్కడే.

మీ మావయ్య