సైకాలజీ కొత్తగా తీసుకుంటే కష్టమా? నన్నడిగితే...

"హైస్కూల్లో పై తరగతికి వెళ్తున్నాను. సైకాలజీ ఇంతకుముందెప్పుడూ చదవలేదు. తీసుకోవచ్చా?" అని అడిగారు. నిరభ్యంతరంగా తీసుకోండి. లెక్కల్లో వెనకబడినవాణ్ని పాత తరగతుల బాకీ వెంటాడుతుంది. ఇక్కడ ఆ బాకీ ఎవరికీ ఉండదు, అందరూ ఓనమాల దగ్గరే మొదలుపెడతారు. కాకపోతే ఎదుటివాళ్ల మనసు చదివేయడం నేర్పుతారన్న ఆశతో వెళ్తే మాత్రం మొదట్లోనే నీరుగారిపోతారు.

మా తరగతిలో సగం మంది ఆ ఆశతోనే చేరారు. ఆ భ్రమ వదిలిన రోజు నాకు బాగా గుర్తు. మేడం ఒక కాగితం చూస్తూ నింపాదిగా చదివారు: మంచం, దిండు, దుప్పటి, కల, గురక, ఆవలింత, అలసట, కునుకు, మెలకువ... ఇలా ఇంకొన్ని. తరువాత గుర్తున్నవన్నీ రాయమన్నారు. రాశాం. "నిద్ర అని ఎంతమంది రాశారు?" అంటే బోలెడు చేతులు లేచాయి. ఆ పదం నేను చదవనే లేదన్నారు ఆవిడ. తరగతి ఒప్పుకుంటుందా! వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "గురక తరువాత మీరే అన్నారు మేడం, నా చెవులారా విన్నాను" అని వాదనకు దిగాడు. ఆవిడ ఏమీ అనకుండా కాగితం అతని చేతికిచ్చారు. అతను వేలు పెట్టి పైనుంచి కిందికి వెతికాడు, కిందినుంచి పైకి వెతికాడు, చివరికి కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

అంతటితో ఆపేస్తే అది గారడీ. ఆవిడ ఆపలేదు. కచ్చితంగా విన్నామన్నవాళ్లెందరు, అనుమానంగానే రాసినవాళ్లెందరు అని బోర్డు మీద రెండు గడులు గీసి లెక్క తీయించారు. సంబంధం లేని పదాలు మధ్యలో కలిపితే ఏమవుతుంది, వరుస మారిస్తే ఏమవుతుంది అని మమ్మల్నే అడిగారు. ఇది 1959లో డీస్ అనే పరిశోధకుడు మొదలుపెట్టగా 1995లో రోడిగర్, మెక్‌డెర్మాట్ అనే పరిశోధకులు మళ్లీ చేసి చూపిన ప్రయోగమని అన్నీ అయ్యాకే చెప్పారు. నా దృష్టిలో సైకాలజీ అంటే ఆ రెండు గడులే. మిగతాదంతా అలంకారం.

పాఠ్యపుస్తకాలకు మాత్రం అలంకారమే ముద్దు. 1879, లైప్‌జిగ్, వుంట్, మొదటి ప్రయోగశాల అని అందరూ వల్లె వేస్తారు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుంట్ అనే ఆయన సైకాలజీ కోసం పెట్టిన ఆ ప్రయోగశాలలో ఏం చేసేవారని అడిగితే నోరు మెదిపేవాడుండడు. ఒక సంకేతం వచ్చాక మనిషి స్పందించడానికి ఎంత సమయం పడుతుందో కొలిచేవారు. మనసును కూడా కొలవవచ్చన్న అసలు సంగతి వదిలేసి తేదీకి మార్కులిస్తారు!

ఇంకో బెడద బంధువులు. సబ్జెక్టు పేరు చెప్పగానే "అయితే ఇప్పుడు నా మనసులో ఏముందో చెప్పు" అంటారు. అంతకన్నా ఘోరం తోటి విద్యార్థులు. రెండు పాఠాలు అవగానే పుస్తకాలు వరుసగా సర్దుకునేవాడికి ఓసీడీ (చేసిన పనే మళ్లీ మళ్లీ చేయకుండా ఉండలేని మానసిక జబ్బు) అనీ, తక్కువ మాట్లాడేవాడికి డిప్రెషన్ అనీ చీటీలు అంటిస్తారు. మీరు ఆ పని చేయకండి.

చదివే పద్ధతి కూడా ఈ సబ్జెక్టే చెబుతుంది. అదే రోడిగర్ 2006లో కార్పికేతో కలిసి చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరువాత చూస్తే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. ఇది చదివి కూడా రంగు పెన్నులతో పేజీ అంతా గీతలు గీసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

లెక్కలు తప్పించుకోవచ్చని వస్తున్నారేమో, సగటు, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో), సహసంబంధం (రెండు విషయాలు కలిసి ఎంత మారతాయో) ఇక్కడా ఉంటాయి. చేరేముందు మీ బడిలో ప్రాక్టికల్స్ నిజంగా చేయిస్తారా, లేక పాత రికార్డు చూసి రాయిస్తారా అని పై తరగతివాళ్లను అడగండి. రెండోదే అయితే వేరే సబ్జెక్టు చూసుకోండి.