అక్షరం పేరు కాదు, దాని పలుకు నేర్పు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. బాబు ఏబీసీడీలన్నీ గడగడా పాడేస్తాడు, కానీ "క్యాట్" అన్న చిన్న మాట చదవమంటే దిక్కులు చూస్తాడని రాశావు. ఇందులో వాడి తప్పేమీ లేదు, నువ్వు టెన్షన్ పడాల్సిందీ లేదు. ఇన్నేళ్లు చిన్నపిల్లల తరగతిలోనే గడిపాను కనుక నాకు తెలిసింది చెబుతాను.

వాడికి వచ్చినవి అక్షరాల పేర్లు. చదవడానికి కావలసినవి వాటి పలుకులు. సీ, ఏ, టీ అని ఎంత వేగంగా కలిపినా "సీయేటీ" అవుతుంది గానీ "క్యాట్" అవదు. తెలుగులో ఈ ఇబ్బంది లేదు. "క" పేరూ అదే, పలుకూ అదే. అందుకే ఇంగ్లీషూ అలాగే వస్తుందనుకుంటాం. అక్కడ అక్షరాలు 26, శబ్దాలు సుమారు 44. ఒకే సీ ఒకచోట క్ అంటుంది, ఇంకోచోట స్ అంటుంది. అందుకని కొన్నాళ్లు పేర్లు పక్కన పెట్టి పలుకులే చెప్పు.

మనం చేసే పెద్ద పొరపాటు ఒకటుంది, ఇది శ్రద్ధగా చదువు. మనది అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే నోరు ఊరుకోదు. బస్సు, పెన్ను, కప్పు అంటాం. ఆ అలవాటుతోనే పిల్లలకు "పు, ఇ, ను" అని నేర్పుతాం. వాటిని కలిపితే "పిన్" ఎలా వస్తుంది? మొదట్లో నేనూ అలాగే చెప్పి, పిల్లలకే రావడం లేదనుకున్నాను. తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ముందు నువ్వు అద్దం ముందు సాధన చెయ్యి. మ్ అన్నప్పుడు పెదాలు విడిపోకూడదు. ప్ అన్నప్పుడు నోటికి అడ్డం పెట్టిన అరచేతికి గాలి తగలాలి, గొంతు మాత్రం మోగకూడదు. స్, మ్, న్, ఫ్, ల్ సాగదీయొచ్చు. ట్, ప్, క్ సాగవు, చటుక్కున పలికి ఆపెయ్యాలి. కలపడం సాగే శబ్దాలతోనే తొందరగా పట్టుబడుతుంది. "స్స్స్... అన్" అంటే "సన్" అని వాడే అందుకుంటాడు.

పుస్తకం తెరవకముందు చెవికి పని చెప్పు. "ఆ ప్-ఇ-న్ ఇలా ఇవ్వు" అని విడగొట్టి అడుగు. "మ్‌తో మొదలయ్యే వస్తువు ఈ గదిలో ఏముంది?" అని వెతికించు. నడుస్తూ, స్నానం చేయిస్తూ ఆడే ఆటలే ఇవి. చెవికి శబ్దాలు విడివిడిగా వినపడని పిల్లవాడికి అక్షరాలు చూపించినా వాటిని కలపడం కష్టమే.

ఆ తర్వాత అక్షరాలు, అవీ వరసగా ఏ నుంచి జెడ్ దాకా కాదు. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్. ఈ ఆరింటితోనే పిన్, టిన్, సిట్, ట్యాప్, ప్యాన్, న్యాప్ చదివేయొచ్చు. బీనీ డీనీ మాత్రం ఒకే వారంలో నేర్పకు. ఒకటి గట్టిపడ్డాకే రెండోది. తెలుగు నేర్పేటప్పుడూ అంతే. ప-వ, మ-య పక్కపక్కన పెట్టకు. యాభై ఆరు అక్షరాలూ అయ్యేదాకా ఆగకు, నాలుగు రాగానే తల, కల, పలక చదివించు. గుణింతం చెప్పేటప్పుడు క్‌కు ఇ కలిస్తే కి అయిందని చెవితో వినిపించు. మనకు అది కొత్త విద్యేమీ కాదు.

బొమ్మ చూసి మాట ఊహించే పిల్లలు చదువుతున్నట్టే కనిపిస్తారు. ఇంగ్లండులో 2012 నుంచి ఐదారేళ్ల పిల్లలకు పెడుతున్న ఫోనిక్స్ (అక్షరాల పలుకులు కలిపి చదవడం) పరీక్షలో 40 మాటలుంటే వాటిలో 20 అర్థం లేనివే. ఊహతో గట్టెక్కే దారి లేకుండా అలా పెట్టారు. నువ్వూ అప్పుడప్పుడు "మిప్", "పిబ్" లాంటివి రాసి చదివించు. పిల్లలకు అదో సరదా. సెడ్ (said), వజ్ (was) లాంటి, రాతకూ పలుకుకూ పొంతన లేని మొండి మాటలు కొన్ని ఉంటాయి. వాటిలో పలుకు తప్పే చోటును మాత్రం చూపించి గుర్తుపెట్టించు.

రాత విషయంలో నీకు ఓపిక కావాలి. ముందు గాలిలో, పలక మీద వేలితో రాయించు, పలుకు పైకి అంటూ రాయాలి. ఎలిఫెంట్‌ను ఎఫ్‌తో రాస్తే ఎర్ర సిరాతో కొట్టెయ్యకు. వాడు సరిగ్గానే విన్నాడు, విన్నదే రాశాడు. పీ, హెచ్ కలిసినా ఫ్ అంటాయన్న సంగతి తర్వాత చెప్పుకోవచ్చు.

రోజుకు పది నిమిషాలు చాలు. విసుగు కనిపిస్తే ఐదుకే ఆపెయ్. రాత్రి కథ మాత్రం నువ్వే చదివి వినిపించు, అక్కడ పాఠం పెట్టకు. నెలల తరబడి ఇలా చేసినా శబ్దాలు కలపలేకపోతే వాడి మీద కోప్పడకుండా ఒకసారి చెవులు, కళ్లు చూపించు.

వాడు సొంతంగా రాసిన మొదటి మాటను, తప్పున్నా సరే, దిద్దకుండా అలాగే నాకు పంపు. దాచుకుంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ