చార్టు నిరాడంబరంగా ఉండాలా, బొమ్మలతో ఉండాలా?

చార్టులో అంకెలకు అవసరం లేని ప్రతి గీతనూ తీసివేయాలని కొందరు, కంటికి ఆనే బొమ్మ లేకపోతే ఎవరూ చూడరని మరికొందరు చెబుతున్నారు, కొత్తగా ఈ పని నేర్చుకుంటున్నవారు ఎవరి మాట వినాలి అన్నది మీ ప్రశ్న. నేను చాలా ఏళ్లుగా ఒకవైపు సంస్థల వార్షిక నివేదికలకు, మరోవైపు సాధారణ పాఠకుల కోసం వెలువడే ఒక పత్రికకు చార్టులు తయారుచేస్తున్నాను. ఒకే పట్టికలోని అంకెలకు ఈ రెండు చోట్లా రెండు వేర్వేరు రూపాలు ఇవ్వవలసి వస్తూ ఉంటుంది. ఆ అనుభవంతో చెప్పాలంటే, పాఠకుడు ఆ చార్టుతో ఏమి చేయబోతున్నాడో తేల్చుకున్న తరువాతనే పద్ధతిని ఎంచుకోవాలి. అంకెలను పోల్చి నిర్ణయం తీసుకోవడం, ఒక విషయాన్ని గుర్తుంచుకోవడం, ఇంకా తెలియనిదాన్ని అంకెల్లో వెతుక్కోవడం వేర్వేరు పనులు. ఒకే చార్టు ఈ మూడింటినీ సమానంగా నెరవేర్చడం నేను చూడలేదు.

నిరాడంబర పద్ధతికి ఎక్కువమంది ఆధారంగా చూపేది అమెరికా గణాంక నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ 1983లో ప్రకటించిన గ్రంథాన్ని. చార్టు గీయడానికి వాడిన సిరాలో డేటాను చూపుతున్నది ఎంత, ఊరికే అలంకారంగా ఉన్నది ఎంత అని లెక్క చూసుకుని, రెండవదాన్ని వీలైనంత తగ్గించాలన్నది ఆయన సూత్రం. నివేదికల పనిలో నేను ప్రధానంగా ఈ దారిలోనే వెళతాను. చార్టు చుట్టూ ఉన్న చట్రాన్ని, వెనుక రంగును, బార్లకు ఇచ్చిన త్రీడీ మందాన్ని తీసివేయడం, రంగుల సూచికను ఒక మూలన పెట్టకుండా ప్రతి గీత చివరనే దాని పేరు రాయడం, దశాంశ స్థానాలను అవసరమైనంతవరకే ఉంచడం వంటి చిన్న మార్పులతోనే చదివేవారి శ్రమ బాగా తగ్గుతుంది. (త్రీడీ బార్లే కావాలని పట్టుబట్టే అధికారి దాదాపు ప్రతిచోటా ఒకరు ఉంటారు. ముందు వరుస బార్లు వెనుక వరుసను ఎలా కప్పివేస్తున్నాయో వారి అంకెలతోనే గీసి చూపిస్తే, ఎక్కువసార్లు మనసు మార్చుకుంటారు.) అయితే ఈ సూత్రాన్ని అక్షరాలా పాటిస్తూ పోతే లేత గ్రిడ్ గీతలు కూడా తొలగిపోతాయి. అప్పుడు ఒకదానికొకటి దూరంగా ఉన్న రెండు బిందువులలో ఏది పైన ఉందో చెప్పడం కష్టమవుతుంది.

ఏ రూపం ఎందుకు మెరుగో తెలుసుకోవడానికి అభిరుచికన్నా గట్టి ఆధారం కావాలంటే, గణాంక శాస్త్రవేత్తలు విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లో ప్రచురించిన పరిశోధన చూడాలి. ఒకే కొలమానం మీద గుర్తించిన స్థానాలను మన కన్ను అన్నిటికంటే కచ్చితంగా పోల్చగలదనీ, పొడవులు, కోణాలు దాని తరువాతనీ, వైశాల్యాలు ఇంకా తరువాతనీ, రంగు గాఢత చివరి మెట్లలో వస్తుందనీ వారు ఒక వరుసను ప్రతిపాదించారు. వృత్తాన్ని ముక్కలుగా చేసి చూపే పై (pie) చార్టు మీద ఉన్న ఫిర్యాదులకు మూలం ఇక్కడే ఉంది. ఏడెనిమిది ముక్కలున్న వృత్తంలో దగ్గరదగ్గరగా ఉన్న రెండు ముక్కలలో ఏది పెద్దదో చెప్పలేక, చివరకు పాఠకుడు పక్కన రాసిన శాతాలనే చదువుకుంటాడు. అవే అంకెలను పెద్దవి ముందు, చిన్నవి తరువాత వచ్చేలా అడ్డబార్లుగా పేరిస్తే శాతాలు రాయకపోయినా క్రమం తెలిసిపోతుంది. అలాగని పై (pie) చార్టును పూర్తిగా వెలివేయవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. మొత్తంలో సగం దాటిందా, పావు వంతేనా అన్న ఒక్క సంగతి రెండు మూడు ముక్కలతో చెప్పాలంటే అది చక్కగా పనిచేస్తుంది. వైశాల్యంతో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. విలువ రెట్టింపయిందని వృత్తం వ్యాసార్థాన్ని రెట్టింపు చేస్తే, కంటికి కనిపించే వైశాల్యం నాలుగింతలవుతుంది. విలువలను వృత్తాల పరిమాణంతో చూపే బుడగల చార్టులు ఎవరు పంపినా నేను ముందుగా పరీక్షించేది దీనినే.

క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ ప్రతిపాదించిన వరుస ప్రకారం చూస్తే, క్రిమియా యుద్ధంలోని సైనికుల మరణాలపై ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో గీయించిన ప్రసిద్ధ చిత్రానికి తక్కువ మార్కులే పడాలి, ఎందుకంటే అందులో ఒక్కో నెల ఒక్కో వృత్తఖండంగా ఉండి, విలువలన్నీ వైశాల్యాలుగానే కనిపిస్తాయి. అయినా ఆమె ఉద్దేశం ఏ నెలలో ఎందరు మరణించారో పాఠకుడు కొలుచుకోవాలని కాదు. నివారించగలిగిన రోగాల వల్ల పోయిన ప్రాణాలను చూపే నీలి భాగం, యుద్ధంలో తగిలిన గాయాలను చూపే ఎర్ర భాగాన్ని ఎంతగా మింగేస్తోందో పాలకులకు ఒక్క చూపులో తెలియాలన్నదే ఆమె పట్టుదల. అందుకు ఆ రూపం సరిపోయింది. అదే చిత్రాన్ని ఆసుపత్రి సరఫరాల లెక్కకు వాడవలసివస్తే నేను బార్లుగానే మార్చి గీస్తాను.

బొమ్మలతో చెప్పే పద్ధతుల్లో నేను ఎక్కువగా వాడేది ఆస్ట్రియా సామాజిక శాస్త్రవేత్త ఓటో న్యూరాత్ 1920లలో వియన్నాలో రూపొందించినది. తరువాత ఐసోటైప్ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఈ పద్ధతికి కావలసిన చిహ్నాలెన్నిటినో జర్మన్ చిత్రకారుడు గెర్డ్ ఆర్న్ట్స్ గీశాడు. పరిమాణం పెరిగినప్పుడు చిహ్నాన్ని పెద్దది చేయకూడదు, అదే కొలత చిహ్నాలను ఎక్కువసార్లు పేర్చాలి అన్న ఒక్క నియమంతో ఇది వైశాల్యం చిక్కును తప్పించుకుంటుంది. పత్రికకు ఇది నాకు బాగా ఉపయోగపడుతోంది. కానీ ఒక్కో చిహ్నం లక్షమందికి గుర్తయినప్పుడు పదివేల తేడాను చూపడానికి చిహ్నాన్ని ముక్కగా కోయవలసి వస్తుంది. సూక్ష్మమైన తేడాలే అసలు విషయమైతే దీని జోలికి వెళ్లకపోవడం మంచిది.

చార్టునే ఒక చిత్రంగా మలిచే పద్ధతికి టైమ్ పత్రికలో పనిచేసిన నైజెల్ హోమ్స్ పేరు చెబుతారు. ఆయన చార్టులను, అవే అంకెలతో గీసిన సాదా చార్టులను పక్కపక్కన పెట్టి కెనడాలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ఒక ప్రయోగం ప్రచురించారు. అర్థం చేసుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, రెండు మూడు వారాల తరువాత మాత్రం బొమ్మల చార్టులే ఎక్కువగా గుర్తున్నాయి. అలంకారం ఎప్పుడూ మంచిదే అనడానికి ఈ ఫలితాన్ని ఉదహరించేవారు రెండు సంగతులు వదిలేస్తారు. ఆ చార్టుల్లో అంకెలు కొద్దిగానే ఉన్నాయి, బొమ్మ కూడా విషయానికి సంబంధించినదే. విషయంతో సంబంధం లేని బొమ్మను మూలన అతికించడాన్ని ఆ ప్రయోగం సమర్థించదు.

వెతుక్కోవడానికి గీసే చార్టుల సంగతి వేరు, ఎందుకంటే అక్కడ పాఠకుడు మీరే. గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ 1973లో నాలుగు చిన్న పట్టికలు ప్రచురించాడు. సగటులు, విస్తృతులు (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయన్నది), సహసంబంధం (రెండు వరుసల అంకెలు ఎంతగా కలిసి మారుతున్నాయన్నది) నాలుగింటిలోనూ దాదాపు ఒక్కటే అయినా, గీసి చూస్తే ఒకటి సరళరేఖ వెంట చెదిరిన బిందువులుగా, ఒకటి వంపుగా, మిగిలిన రెండూ ఒక్కో విడి బిందువు వల్ల వక్రీకరించినట్లుగా కనిపిస్తాయి. అందువల్ల అంకెలు చేతికి రాగానే రంగులు, శీర్షికలు పట్టించుకోకుండా నాలుగైదు రకాలుగా వేగంగా గీసి చూస్తాను. వీటిని ఎవరికీ చూపించవలసిన పని లేదు.

మీరు ఇప్పుడే మొదలుపెడుతున్నారు కాబట్టి ముందుగా బార్లు, గీతలు, చుక్కల చార్టులు నిరాడంబర పద్ధతిలో గీయడం నేర్చుకుని, ఆ తరువాత ఐసోటైప్‌కు, చివరగా చిత్రాలకు వెళ్లమని నా సలహా. బార్ల కొలమానం సున్నా నుంచే మొదలుకావాలి, ఎందుకంటే అక్కడ పాఠకుడు పోల్చేది పొడవును. గీతల చార్టులో మార్పే ముఖ్యం కాబట్టి ఈ కట్టుబాటు అవసరం లేదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా మీదనే అర్థం ఆధారపడకుండా చూసుకోండి, ఎందుకంటే ఆ రెండు రంగులను వేరుచేసి చూడలేనివారు పురుషులలో గణనీయంగా ఉంటారు. శీర్షికలో విషయం పేరు మాత్రమే కాకుండా, చార్టు చెబుతున్న సంగతిని పూర్తి వాక్యంగా రాయండి. ఆ వాక్యం రాయలేకపోతున్నారంటే రూపం ఎంచుకునే సమయం ఇంకా రాలేదు, మళ్లీ చిత్తు గీతల దగ్గరకే వెళ్లాలి.